క్రికెట్ గిట్టని మనిషి, క్రికెట్ సినిమా

శ్రోతలకు నమస్కారం.

నాకు క్రికెట్ గిట్టదు. హైదరాబాద్‌లో ఉంటూ ఈ మాట పైకి అనడానికి కాస్త గుండెధైర్యం కావాలి. జయసింహ, అజహరుద్దీన్, లక్ష్మణ్, మిథాలీ రాజ్, సిరాజ్... ఇంతమందిని ఆడించిన ఊరు మనది. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద లక్ష్మణ్ 281 పరుగులు చేస్తున్నప్పుడు, మా చిక్కడపల్లి సందులో ఏ కిటికీలోంచి విన్నా టీవీలో అదే గొంతు. నేను మేడ మీద వడియాలు పెట్టుకుంటున్నాను. ఆ మ్యాచ్ అయిపోయిన రోజున, "ఫాలో ఆన్ ఆడి గెలిచారమ్మా!" అని మా బావగారు పూనకం వచ్చినట్టు ఊగిపోతుంటే, "ఫాలో ఆన్ అంటే ఏంటి బావగారూ?" అని అడిగాను. ఆయన నన్ను చూసిన చూపు ఈరోజుకీ గుర్తే. మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడ్డ జట్టు వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సి రావడమట.

నా కోపానికి పెద్ద కారణాలేం లేవు. మ్యాచ్ ఉన్న రోజు ఇల్లు ఇల్లులా ఉండదు. సిక్సర్ పడినప్పుడు నేను గుమ్మంలో ఉంటే, ఇక ఆ ఓవర్ అయ్యేదాకా అక్కణ్ణించి కదలనిచ్చేవారు కాదు, పొయ్యి మీద పాలు పొంగినా సరే. చిన్నప్పుడు రేడియోలో పాటలొచ్చే వేళకి క్రికెట్ వ్యాఖ్యానం వచ్చి పడేది. ఆ పగ కూడా ఉంది. రేడియోలోనే కూర్చుని చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

అలాంటిదాన్ని 2019 ఏప్రిల్‌లో 'జెర్సీ' సినిమా చూశాను. మా అక్క కొడుకు లాక్కెళ్లాడు. "పిన్నీ, బయట ఎండ మండిపోతోంది. హాల్లో ఏసీ ఉంటుంది, నువ్వు హాయిగా పడుకో" అన్నాడు. ఆ ఒప్పందం మీదే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా నడిచాను.

గౌతమ్ తిన్ననూరి తీసిన ఆ కథలో నాని వేసిన అర్జున్ ఒకప్పుడు రంజీల్లో, అంటే దేశవాళీ క్రికెట్ పోటీల్లో, మెరిసినవాడు. ఇండియా జట్టులో చోటు రాక ఆట వదిలేశాడు. ఇప్పుడు 36 ఏళ్లు. ఉద్యోగం సస్పెన్షన్‌లో ఉంది, ఇల్లు భార్య జీతం మీద నడుస్తోంది. పిల్లవాడు పుట్టినరోజుకి ఇండియా జెర్సీ కావాలన్నాడు. దాని ఖరీదు 500 రూపాయలు. ఆ 500 కోసం ఆ మనిషి చివరికి భార్య పర్సులో చెయ్యి పెడతాడు. ఆ కథ జరిగే పాతరోజుల్లో మా ఇంట్లో 500 ఉంటే పాలవాడి పద్దూ కరెంటు బిల్లూ రెండూ తీరిపోయేవి. కాబట్టి ఆ చెయ్యి పర్సు దాకా వెళ్లడం నాకు ఏ మ్యాచ్‌లోనూ కలగని దడ పుట్టించింది. పడుకోవడం సంగతి మర్చేపోయాను.

మళ్లీ రంజీ జట్టులోకి ఎంపికయ్యాక అతను రైల్వే స్టేషన్‌కి వెళ్తాడు. ప్లాట్‌ఫారం మీద నిలబడి రైలు వచ్చేదాకా ఆగి, ఆ రొదలో గొంతు చించుకుని అరుస్తాడు. రైలు వెళ్లిపోగానే నోరు మూసుకుంటాడు. హాలంతా ఈలలు. నేను ఈల వెయ్యలేదు, నాకు ఏడుపొచ్చింది. సంతోషం కలిగితే దాన్ని కూడా ఏదో ఒక చప్పుడు చాటున దాచుకునే మనుషుల్ని నేను మా ఇంట్లోనే చూశాను. మా నాన్నకి ప్రమోషన్ వచ్చిన రోజు ఆయన కుళాయి తిప్పేసి, బాత్రూములో పాట పాడుకున్నారు.

తర్వాత మ్యాచ్‌లు వచ్చాయి. కవర్ డ్రైవ్ ఏదో, కట్ ఏదో ఇప్పటికీ నాకు తెలీదు. తెలియాల్సిన అవసరమే రాలేదు. టీవీలో ఎవరో తెలియని పదకొండుమంది ఎక్కడో దూరంగా పరిగెడుతుంటారు. ఇక్కడ ఆ బ్యాటు పట్టుకున్నవాడి ఇంట్లో ఎంత బాకీ ఉందో నాకు తెలుసు, స్టాండ్స్‌లో ఎవరు ఊపిరి బిగబట్టారో తెలుసు. ఒక్కో పరుగు ఎవరికి ఎంతో లెక్క తెలిసినప్పుడు ఆట అర్థం కాకపోతే ఏం?

బయటికొచ్చాక మావాడు నన్ను వదల్లేదు. "నీకు క్రికెట్ నచ్చింది పిన్నీ, ఒప్పుకో."

"ఒప్పుకోను. నాకు ఆ సంసారం నచ్చింది."

అప్పుడు వాడు మంచి మాటే అన్నాడు. రంజీ లీగ్ మ్యాచ్ నాలుగు రోజులు. రోజుకి 90 ఓవర్లు, అంటే 540 బంతులు. నాలుగు రోజులకీ 2,160. అందులో మంచివి ఏ ముప్ఫయ్యో ఏరి నీకు చూపించారు, మిగతా రెండు వేల పైచిలుకు బంతుల్లోనే క్రికెటర్ బతుకంతా ఉంటుంది అని. నిజమే. ఆ సినిమాకి జాతీయ పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు ఎడిటింగ్ బహుమతి కూడా వచ్చింది. నవీన్ నూలి ఏరిన బంతులే నేను చూశాను. కందిపప్పు నేను ఏరి పెడితే తినేవాడికి రాళ్ల సంగతి ఏం తెలుస్తుంది!

ఇంకో సంగతి కూడా వాడే చెప్పాడు. 1986-87లో హైదరాబాద్ ఢిల్లీని ఓడించి రంజీ ట్రోఫీ గెలిచిందట. 1937-38 తర్వాత మళ్లీ అప్పుడే. అప్పుడు నేను ఈ ఊళ్లోనే బడికెళ్తున్నాను. అంత సంబరం నా పక్కనుంచి వెళ్లిపోయింది. ఫుట్‌బాల్‌దీ అదే కథ. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టుకి స్వర్ణం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదీ అని నాకు 2024లో వచ్చిన హిందీ సినిమా చెప్పాల్సి వచ్చింది. ఊరి సంగతి బొంబాయి వాళ్లు చెబితే తెలుసుకోవడం, చూడండి మరి.

సరే, ఆ ఏరకుండా వదిలేసిన బంతులేవో చూద్దామని సికింద్రాబాద్ జింఖానా మైదానంలో రంజీ మ్యాచ్‌కి వెళ్లాను. జనం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గంటసేపు ఏమీ జరగలేదు. పల్లీలు అయిపోయాయి. అప్పుడు కనిపించాడు, చెట్టు నీడలో ఒక పెద్దాయన. ఒళ్లో హెల్మెట్, పక్కన టిఫిన్ క్యారియర్. ప్రతి బంతికీ ఆయన కుడికాలు కొంచెం ముందుకి కదులుతోంది, తనే ఆడుతున్నట్టు. బ్యాట్స్‌మన్ అవుటయ్యాడు. ఆయన లేచి, క్యారియర్ తీసుకుని, మెల్లగా పెవిలియన్ వైపు నడిచాడు.

"వాళ్లబ్బాయేనంటావా?" అని అడిగాను.

"ఏమో పిన్నీ, మ్యాచ్ చూడు" అన్నాడు మావాడు.

ఆ మ్యాచ్‌లో ఎవరు గెలిచారని మాత్రం నన్నడక్కండి. ఆ క్యారియర్ మూత తీసేదాకా చూసి, నేను ఇంటికొచ్చేశాను.

నమస్కారం.