వ్యాక్సిన్ పదేళ్లు ల్యాబ్‌లోనే ఎందుకుండిపోయింది?

[తెర మీద: ల్యాబ్ ఫ్రీజర్. మంచు పట్టిన చిన్న సీసాలు.]

2005లో కెనడాలోని విన్నిపెగ్ ల్యాబ్ శాస్త్రవేత్తలు, వాళ్లతో పనిచేసిన పరిశోధకులు ఒక ఎబోలా వ్యాక్సిన్ ఫలితాలు బయటపెట్టారు. ఒక్క డోసు వేసిన కోతులకు తర్వాత ఎబోలా వైరస్ ఎక్కించినా జబ్బు చేయలేదు.

మరి వెంటనే మనుషుల మీద ట్రయల్స్ మొదలయ్యాయా? లేదు. ఎబోలా అప్పట్లో ఎక్కడో మారుమూల వచ్చి పోయే జబ్బు. ఆ టీకా కొనేదెవరు? డబ్బు పెట్టేవాళ్లు లేక పని అక్కడే ఆగింది.

[మ్యాప్: గినియా, సియెర్రా లియోన్, లైబీరియా. 2014.]

తర్వాత పశ్చిమ ఆఫ్రికాలో ఏమైందో తెలుసుగా. 28,600కు పైగా ఎబోలా కేసులు, 11,300కు పైగా మరణాలు. గినియాలో ఆ టీకా అసలు పరీక్ష మొదలయ్యేసరికి 2015 మార్చి వచ్చింది. ఒక రోగి బయటపడగానే ఆ మనిషిని కలిసినవాళ్లనీ, వాళ్లని కలిసినవాళ్లనీ ఒక గుంపుగా తీసుకున్నారు. కొన్ని గుంపులకు వెంటనే టీకా, మిగతావాటికి 21 రోజులు ఆగి. వెంటనే వేయించుకున్నవాళ్లలో పది రోజులు దాటాక ఒక్క కేసూ రాలేదు. టీకా పనిచేస్తోందని తేలింది. కాకపోతే అప్పటికే పోవాల్సిన ప్రాణాల్లో చాలా భాగం పోయాయి.

[తెర మీద: ఖాళీ పెట్టెలో 'ఎక్స్' అక్షరం.]

ఆ దెబ్బతో 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు పరిశోధనకు ఒక ప్రణాళిక తయారుచేసింది. ఏ జబ్బుల మీద ముందు పనిచేయాలో జాబితా రాసి, 2018లో అందులో 'డిసీజ్ ఎక్స్' అని చేర్చింది. అంటే ఇంకా మనకు తెలియని జబ్బు.

పేరే తెలియని జబ్బు మీద పరిశోధనేంటి అని నవ్వొస్తుంది. ఇక్కడే అసలు కిటుకుంది. వైరస్‌లకు కుటుంబాలుంటాయి. మనుషులకు సోకేవి దాదాపు 25 కుటుంబాలు. ఒక్కో కుటుంబంలో ఒకదాన్ని క్షుణ్ణంగా చదివిపెట్టుకుంటే, దాని చుట్టం వచ్చినప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు.

కరోనాలో జరిగింది ఇదే. టీకా కోసం వాడే, వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్ ఒక ఆకారంలో నిలవదు. రెండు చోట్ల అమైనో ఆమ్లాలు మారిస్తే నిలుస్తుందని మెర్స్ అనే ఇంకో కరోనా వైరస్ మీద పనిచేసినవాళ్లు ముందే కనిపెట్టారు. అందుకే 2020 జనవరిలో కొత్త వైరస్ జన్యుక్రమం బయటికొస్తే, మార్చి 16కే ట్రయల్‌లో మొదటి డోసు పడింది. 'ఇంత తొందరగానా, ఏదో షార్ట్‌కట్ కొట్టుంటారు' అన్నవాళ్లు ఆ పాత ఏళ్ల పనిని లెక్కలోకి తీసుకోలేదు.

[తెర మీద: పొడవైన ఫారం. వ్యాధి పేరు ఉండాల్సిన చోట ఖాళీ.]

నన్నడిగితే, ల్యాబ్ కన్నా కాగితాల పనే పెద్ద తలనొప్పి. ట్రయల్‌లో ఎవరిని చేర్చుకోవాలి, ఏం కొలవాలి, నైతిక కమిటీ అనుమతి ఎలా? ఇవన్నీ ముందే రాసిపెట్టుకుంటే జబ్బు పేరు నింపి మొదలుపెట్టొచ్చు. బ్రిటన్‌లో 2020లో ఆసుపత్రిలో చేరిన కరోనా రోగుల మీద మందుల్ని పరీక్షించిన 'రికవరీ' అనే ట్రయల్‌ని కావాలనే చాలా సులువుగా రూపొందించారు. పని ఒత్తిడిలో ఉన్న డాక్టర్లు కూడా రోగుల్ని చేర్చగలిగారు. వెంటిలేటర్ మీదున్నవాళ్ల మరణాల్ని డెక్సామెథసోన్ అనే చౌక మందు మూడో వంతు తగ్గిస్తుందని జూన్‌కల్లా తేలిపోయింది.

[మ్యాప్: వెలిగి ఆరిపోతున్న చుక్కలు.]

ఇంకో చిక్కుంది. టీకా పనిచేస్తుందో లేదో చూడాలంటే జబ్బు వ్యాపిస్తూ ఉండాలి. దోమలతో వచ్చే జికా విషయంలో టీకాలు ట్రయల్స్ దాకా వచ్చాయి, ఈలోగా 2017లో కేసులే పడిపోయాయి. అందుకే ఒకే ప్రోటోకాల్‌ని, అంటే ట్రయల్ ఎలా చేయాలో రాసిన ప్రణాళికని, చాలా దేశాల్లో సిద్ధంగా ఉంచాలనే ఆలోచన వచ్చింది. ఒకచోట జబ్బు తగ్గితే ట్రయల్‌కి విరామం, ఇంకోచోట మొదలైతే అక్కడ మళ్లీ కొనసాగింపు, చివరికి అన్ని ఫలితాలూ ఒకే లెక్కలోకి.