వేళ్ళకు తెలిసిన లెక్క
(కావలిలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. అక్కచెల్లెళ్ళకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్ళకు కూడా. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేను తెచ్చినవాటిలో కొన్ని దగ్గరగా చూస్తేగానీ కనపడవు.

మా అవ్వకు సంతకం రాదు, వేలిముద్ర వేసేది. ఆమె బొంత కుట్టడం చూస్తూ పెరిగాన్నేను. పాత నూలు చీరలు నాలుగు పొరలుగా నేల మీద పరిచి, మూలలకు రాళ్ళు పెట్టి, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతా మధ్యకు వచ్చేది. దారం కొనేది కాదు. చీర అంచులోంచి పోగులు లాగి తొడ మీద పేనుకునేది. దబ్బనంలోకి మూరెడు దారమే ఎక్కించేది. "బారెడు తీస్తే చిక్కుపడద్ది అమ్మాయ్, మనకేం తొందర" అనేది. వరసకూ వరసకూ మధ్య ఎడం చూపుడు వేలి కణుపంత. స్కేలు లేదు, సుద్దగీత లేదు. వేసవిలో ఆరుబయట ఆ బొంత మీద పడుకుని వేలితో వరసలు తడుముతా ఉంటే ఎక్కడా వంకర తగిలేది కాదు. చదువు రాని మనిషి దగ్గర నేను నేర్చుకున్న మొదటి లెక్క అది.

తర్వాత ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బళ్ళో క్రాఫ్ట్ టీచరుగా పనిచేశాను. కాడకుట్టు, గొలుసుకుట్టు, కాజాకుట్టు, ముడికుట్టు నేర్పాను. కొక్కెం సూదితో దారం అల్లే క్రోషా, వైరు బుట్టలు, పూసల తోరణాలు నేర్పాను. సెలవుల్లో నాకు తెలియనివి నేర్చుకున్నాను. "ఇన్నెందుకు టీచర్, ఏదో ఒకటి బాగా నేర్చుకుంటే చాలదా" అని చాలామంది అడిగారు. ఈ సాయంత్రం దానికే జవాబు చెప్పాలని వచ్చాను. ఈ పనులన్నిటికీ అడుగున ఉన్నది లెక్క. అది వేళ్ళకు ఒకసారి పట్టుబడితే ఒక పని ఇంకో పనికి దారి చూపిస్తుంది. అందుకే పది రకాలు చెయ్యమంటున్నాను.

నేను చూసిన సంగతే చెప్తాను. క్రోషాతో గుండ్రటి గుడ్డ అల్లడం మొదట్లో నాకు రాలేదు. అల్లినకొద్దీ అంచులు పైకి లేచి గిన్నెలా అయిపోయేది. విప్పేదాన్ని. కుట్లు ఎక్కువేస్తే పావడా కుచ్చులా అలలు అలలుగా వచ్చేది. మళ్ళీ విప్పేదాన్ని. అదే దారం విప్పీ విప్పీ నూగు లేచి మాసిపోయింది. ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. 7 చుక్కలు, సందు చుక్క 4 వరకు. మీ అందరికీ వచ్చిన ముగ్గే. నడి వరసలో 7, పైన 6, 5, 4, కింద కూడా 6, 5, 4. మొత్తం 37 చుక్కలు. గీతలు కలపబోతూ నట్టనడి చుక్క దగ్గర ఆగిపోయాను. దాని చుట్టూ 6 చుక్కలున్నాయి. ఆ 6 చుట్టూ 12. ఆ 12 చుట్టూ 18. ఒకటీ, ఆరూ, పన్నెండూ, పద్దెనిమిదీ కలిపితే 37!

ముగ్గు గిన్నె అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి క్రోషా సూది తీశాను. మొదటి వరసలో 6 కుట్లు. రెండో వరసలో 12. మూడో వరసలో 18. సింగిల్ క్రోషాతో, అంటే మామూలు పొట్టి కుట్టుతో, వరసకు 6 చొప్పున పెంచుకుంటూ పోతే గుడ్డ నేలకు అతుక్కున్నట్టు చదునుగా పరుచుకుంది. తక్కువ పెంచితే గిన్నె, ఎక్కువ పెంచితే కుచ్చు. ఇన్నేళ్ళూ వాకిట్లో నేను పెట్టిన చుక్కల్లోనే ఆ లెక్క ఉంది. నాకు మాత్రం ఆ పొద్దు దాకా కనపడలేదు. ఇదిగో, ఇదే ఆ గుడ్డ. పోనివ్వండి, చేతులు మారనివ్వండి. మధ్యలో ఆ మాసిన రంగు కడిగినా పోలేదు. పోగొట్టాలని నాకూ లేదు.

క్రోషా మన దేశానికి మిషనరీలతో వచ్చిందంటారు. పశ్చిమ గోదావరిలో నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అరుగు మీద కూర్చుని మాటల్లో పడి కూడా వాళ్ళు కుట్టు తప్పరు.

మా బడికి దగ్గర్లోనే ఒక మగపిల్లల బడి ఉండేది. వేసవిలో అక్కడ మాక్రమే, అంటే తాళ్ళను ముడులు వేసి అల్లే పని, నేర్పమని పిలిచారు. తుమ్మలపెంట వైపు నుంచి ఒక పిల్లవాడు వచ్చాడు, ఏడో తరగతి. సముద్రం మీదికి వెళ్ళే ఇంటి పిల్లవాడు. నేను మూడు రోజుల్లో నేర్పాలనుకున్న ముడులు వాడు ఒక్క పూటలో వేశాడు. ఎట్లా వచ్చిందిరా అని అడిగితే, "వల కన్ను సమంగా రాకపోతే మా నాయన ఒప్పుకోడు టీచర్" అన్నాడు. చిన్న చెక్కముక్కను కొలతగా పెట్టుకుని, ప్రతి కన్నూ దాని చుట్టూ అల్లుతారట. చేప తప్పించుకోకూడదు, వల బరువెక్కకూడదు. మొక్కల కుండీ వేలాడదీసే తాడుకూ చేపల వలకూ అంత చుట్టరికం ఉందని నాకు వాడే నేర్పాడు. తోటిపిల్లలు ఆడపిల్లల పని అని నవ్వారు. సాయంత్రానికి వాళ్ళే వాడి చుట్టూ చేరి ముడి చూపించమన్నారు. వెనకున్న తమ్ముళ్ళు ఇది మనసులో పెట్టుకోవాలి.

ఉదయగిరి చెక్క గరిటెలు మీ ఇళ్ళలో ఉండే ఉంటాయి. దుర్గం కొండల మీది నార్ది, బిక్కి లాంటి కలపతో చేస్తారు. చిన్న చిన్న పనిముట్లతో తొలిచి, ఆకురాయితో రుద్ది, నున్నగా దించుతారు. గరిటె గుంట రెండు పక్కలా ఒకే లోతు ఉండాలి. వేలితో తడిమి చూస్తారు, కంటితో కాదు. మన ఇంట్లో ఎండిన కర్రతో మొదలుపెడితే చెయ్యి కోసుకుంటుంది. పచ్చి వేపకొమ్మతో చిన్న ఉప్పు చెంచా ప్రయత్నించండి. పచ్చి కలప మెత్తగా తెగుతుంది. చేశాక ఎండలో పెట్టొద్దు, పగులుతుంది. నీడలో, గుడ్డలో చుట్టి, నిదానంగా ఆరనివ్వండి. నా మొదటి చెంచా రెండుగా చీలింది. నాలుగోది ఇప్పటికీ మా ఊరగాయ జాడీలో ఉంది.

వెంకటగిరి మొన్న 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, అంతకుముందు మన నెల్లూరు జిల్లాదే. ఆ చీర గురించి ఒక్క లెక్క చెప్తాను. అక్కడ నేతకు వాడే సన్న నూలును 100 కౌంటు అంటారు. కౌంటంటే ఏంటంటే, ఒక పౌను నూలులో ఎన్ని చిలపలున్నాయో ఆ సంఖ్య. చిలప అంటే 840 గజాల దారం. 100 చిలపలంటే 84,000 గజాలు. కిలోమీటర్లలోకి మారిస్తే 76 దాటుతుంది. అర కిలో కూడా లేని ఆ నూలును కావలి నుంచి పరిచామనుకోండి, నెల్లూరు దాటి పోతుంది! అంత సన్నటి పోగుల మధ్య జాందానీ పువ్వు నేసేటప్పుడు, ఆ పువ్వుకు కావలసిన రంగు పోగును చేత్తో ఎక్కిస్తారు, ఎక్కడ మొదలో ఎక్కడ ఆఖరో పోగులు లెక్కపెట్టుకుంటూ. కుట్టుపని తెలిసినవాళ్ళు ఆ చీర పట్టుకుంటే ముందు తిరగేసి చూస్తారు. వెనక వైపు కూడా పువ్వు పువ్వులాగే ఉంటుంది.

నాలుగు కుట్లు నేర్చుకున్న మనిషికి నేతగాడి దగ్గర బేరమాడ మనసొప్పదు. ఆ పోగు ఎక్కించడానికి ఎంత పొద్దు పట్టిందో తన వేళ్ళకు తెలుసు కాబట్టి. సరదాకి చేతిపని నేర్చుకోమని నేను చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

మార్కాపురం, యర్రగొండపాలెం వైపు తండాల్లో సుగాలి ఆడవాళ్ళ అద్దాల పని చూశారా? అద్దానికి చిల్లు ఉండదు. జిగురు పెట్టరు. ముందు అద్దం మీదుగా అటు రెండు, ఇటు రెండు దారాలు పరిచి నలుచదరంగా ఒక చట్రం కడతారు. తర్వాత ఆ చట్రాన్ని పట్టుకుని చుట్టూ కుట్టుకుంటూ వస్తే దారాలు అంచుకు లాగబడి అద్దం కళ్ళజోడులో బిగించినట్టు కూర్చుంటుంది. చట్రం వదులైతే అద్దం జారిపోతుంది. మొదట పెద్ద అద్దంతో, మందపాటి గుడ్డ మీద నేర్చుకోండి.

చేతిపని అనేది ఆడవాళ్ళకు కాలక్షేపం అని పక్కన పెట్టినవాళ్ళకు పల్లిపాడు గుర్తుచెయ్యాలి. పెన్న ఒడ్డున అక్కడి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మగారు. రాట్నం ముందు కూర్చోవడంలో ఆడా మగా తేడా లేని రోజులవి. తకిలి, అంటే చేత్తో తిప్పి నూలు వడికే చిన్న కదురు, తిప్పి చూడండి. కుడిచెయ్యి తిప్పుతుంటే ఎడమచెయ్యి దూదిని వదులుతూ ఉండాలి. ఎక్కువ వదిలితే దారం గడ్డ కడుతుంది, బిగిస్తే తెగుతుంది. కార్తీక పౌర్ణమికి 365 వత్తులు చేసే మన పెద్దమ్మలకు ఆ వదలడం, బిగించడం పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. నా ఉద్యోగం ఆఖరి రోజుల్లో మా బళ్ళో క్రాఫ్ట్ పీరియడు తీసేశారు. ఆ గంటను లెక్కల పాఠానికి ఇచ్చారు, పరీక్షలొస్తున్నాయని. నేను చాలా వాదించాను. ఈ పిల్లలు నా దగ్గర చేస్తున్నదీ లెక్కే అని ముగ్గు, క్రోషా పక్కపక్కన పెట్టి చూపించాను. ఫలితం లేకపోయింది. ఆ రోజు నుంచి సాయంత్రాలు మా ఇంటి వరండాలో ఒక చాప పరిచాను. వచ్చిన పిల్లలు వచ్చారు. ఆ చాప ఇప్పటికీ ఉంది, తుంగ చాప, అంచులు రెండుసార్లు నేనే కట్టాను.

ఇంకో మాట. మీరు ఏదైనా చేసి చూపించగానే "బాగుంది, అమ్మొచ్చు గదా" అంటారు. అమ్ముకుని బతికేవాళ్ళ పని అమ్మాలి, మంచి ధరకే అమ్మాలి. మీరు సరదాగా చేసుకున్నదానికి వెల కట్టొద్దు. వెల కట్టిన మరుక్షణం విప్పడానికి మనసొప్పదు. విప్పే స్వేచ్ఛ ఉన్నప్పుడే కొత్తది నేర్చుకోగలం.

సరే, మాటలు చాలు. ఈ సంచిలో ఇరవై క్రోషా సూదులున్నాయి, మందపాటి నూలు ఉండలున్నాయి. సన్నదారం ఇవాళ వద్దు, కళ్ళకు కష్టం. ఎడమచేత్తో పనిచేసేవాళ్ళు నాకు ఎదురుగా కూర్చోండి, అద్దంలో చూసినట్టు నన్ను చూసి చెయ్యొచ్చు. దారం చూపుడు వేలికి ఒక చుట్టు చుట్టండి. సూది ఆ చుట్టులోంచి దూర్చి దారాన్ని అందుకోండి. లాగండి, మెల్లిగా. అది ఒకటి. ఇంకో అయిదు.