డాక్టరుగారు వచ్చేలోపు మొదలుపెట్టాల్సిన పని: చేతులతో నేర్చుకునే సీపీఆర్

నమస్కారమండీ. సీపీఆర్ అంటే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి, ఊపిరి ఇచ్చి రక్తం ఆడించడం. ఈ వీడియో ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళ కోసం. స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు, డయాలసిస్ టెక్నీషియన్లు, ల్యాబులో రక్తం తీసేవాళ్ళు, ఎక్స్‌రే గదిలో ఉండేవాళ్ళు, వార్డు బాయ్‌లు, ఆయాలు, 108 పైలట్లు. డాక్టర్లూ చూడండి. కానీ ముందు మాట్లాడాల్సింది మిగతావాళ్ళతో. వార్డులో ఒక పేషెంటు గుండె ఆగిపోయినప్పుడు మంచం పక్కన ఎక్కువసార్లు ఉండేది వీళ్ళే.

రాత్రి రెండింటికి మూడో అంతస్తులో మెడికల్ వార్డు. డ్యూటీ డాక్టరు కింద క్యాజువాలిటీలో యాక్సిడెంట్ కేసు చూస్తున్నారు. సిస్టరు ఫోన్ చేస్తే ఆయన చేతిలో పని వదిలి, మెట్లెక్కి రావడానికి నాలుగైదు నిమిషాలు పట్టొచ్చు. ఆ నాలుగైదు నిమిషాల విలువ ఎంతో చూడండి. కరెంటు షాక్‌తో సరిచేయగలిగే రకంగా గుండె ఆగితే, సీపీఆర్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. అంటే డాక్టరు గుమ్మంలోకి అడుగుపెట్టేసరికే దాదాపు సగం పోయినట్టు. ఛాతీ నొక్కడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు, కేసు షీటులో రాతా అక్కర్లేదు. దగ్గరున్నవాళ్ళు మొదలుపెట్టాలి, అంతే. శిక్షణ ఇచ్చేది ఆ ధైర్యం కోసమే. చేతులకి అలవాటైతేనే ఆ ధైర్యం వస్తుంది, స్లయిడ్లు చూస్తే రాదు.

ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి. ఇది ఒక శిక్షణ హాలు. నేల మీద మానికిన్లు, అంటే మనిషి ఆకారంలో ఉండే శిక్షణ బొమ్మలు, వరసగా పెట్టారు. ఈ ఆకుపచ్చ చీర సిస్టరు మోకాళ్ళ మీద కూర్చుని నొక్కుతున్నారు. మోచేతులు గమనించండి, కొద్దిగా వంగుతున్నాయి. అలా వంగితే బలమంతా భుజాల కండరాల నుంచే రావాలి, నిమిషంలో అలసిపోతారు. ట్రైనరు వచ్చి ఏం చేశారో చూశారా? ఆమె భుజాలను ముందుకు, సరిగ్గా పేషెంటు ఛాతీ పైకి తెచ్చారు. ఇప్పుడు చేతులు నిటారుగా ఉన్నాయి, ఒంటి బరువే పనిచేస్తోంది. అరచేతి మడమ రొమ్ము ఎముక కింది సగం మీద, రెండో చెయ్యి దాని మీద, వేళ్ళు పక్కటెముకలకి తగలకుండా పైకెత్తి.

లోతు కనీసం 5 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలు. 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. ఈ అంకెలు పరీక్షలో అందరూ రాస్తారు. మానికిన్ మీదికి వచ్చేసరికి ఏమవుతుందంటే, చాలామంది మూడు, నాలుగు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతారు. పేషెంటుకి నొప్పి పుడుతుందేమో, ఎముక విరుగుతుందేమో అని చెయ్యి తనంతట తానే వెనక్కి లాగేస్తుంది. అందుకే టక్కుమని శబ్దం వచ్చే మానికిన్ గానీ, లోతు చూపించే లైట్లున్న మానికిన్ గానీ కావాలంటాను. 5 సెంటీమీటర్లు అంటే ఎంత బలమో ఒకసారి చేతికి తెలియాలి. పెద్దవయసువాళ్ళలో పక్కటెముకలు విరగడం నిజంగానే మామూలు. కటుక్కుమన్న శబ్దం వినగానే ఆపేసేవాళ్ళున్నారు. ఆపకండి. చేతులు సరైన చోట ఉన్నాయా లేదా చూసుకుని కొనసాగించండి. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

ఇక నొక్కడం ఎంత ముఖ్యమో వదలడం అంతే ముఖ్యం. ఊళ్ళో చేతి బోరింగు కొట్టినవాళ్ళకి తెలుసు, హ్యాండిల్ పూర్తిగా పైకి రాకపోతే తర్వాతి దెబ్బకి నీళ్ళు రావు. ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండెలోకి రక్తం తిరిగి వస్తుంది. అలసిపోయినవాళ్ళు తెలియకుండానే ఛాతీ మీద వాలిపోతారు. చేసేవాళ్ళకి అది కనబడదు, పక్కవాళ్ళు చెప్పాలి. "అక్కా, పూర్తిగా వదలండి" అని చెప్పడం కూడా శిక్షణలో భాగమే. సీనియర్‌కి ఎలా చెప్పను అని మొహమాటపడే జూనియర్లతో ఆ మాట మానికిన్ దగ్గరే పైకి అనిపించాలి.

లెక్క గురించి ఒక చిన్న సంగతి. ఒక్కో విడతలో 30 నొక్కులు. 'ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది' అంటూ గట్టిగా లెక్కపెడుతుంటే, నోటితోపాటు చేతులూ నెమ్మదిస్తాయి. ఒకటి నుంచి పది వరకు మూడుసార్లు లెక్కపెట్టుకుంటే వేగం పడిపోదు. ఫోన్లో టిక్ టిక్ అంటూ తాళం వేసే మెట్రోనోమ్ యాప్ నిమిషానికి 110కి పెట్టి సాధన చేయడం ఇంకా మంచిది.

హాల్లో నేల మీద బాగా చేసినవాళ్ళు వార్డులో మంచం దగ్గర తడబడతారు. మెత్తటి పరుపు మీద నొక్కితే పరుపు కిందికి పోతుంది, ఛాతీ కాదు. వీపు కింద గట్టి బోర్డు పెట్టాలి. గాలి పరుపైతే గాలి వదిలేయాలి. మంచం ఎత్తుగా ఉంటే స్టూలు ఎక్కాలి, పొట్టిగా ఉన్న సిస్టర్లకి ఇది తప్పనిసరి. ఆ బోర్డు మీ వార్డులో ఎక్కడుంది? ఈ రోజు డ్యూటీకి వెళ్ళగానే వెతకండి. చాలాచోట్ల బీరువా వెనక దుమ్ముపట్టి ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. శిక్షణలో ఒక పూటైనా అసలు మంచం మీద, అసలు వార్డులో జరగాలని నా గట్టి అభిప్రాయం.

గుండె ఆగిందని గుర్తుపట్టడంలోనే ఎక్కువ సమయం పోతోంది. భుజం తట్టి పిలవండి. పలకలేదంటే సాయం కోసం కేకేయండి. ఊపిరి, మెడ పక్కన పల్సు రెండూ కలిపి 10 సెకన్లలోపు చూసేయాలి. పల్సు ఉందో లేదో తేల్చుకోలేకపోతే లేనట్టే లెక్క, మొదలుపెట్టండి. గుండె ఆగిన కొత్తలో కొందరు నోరు తెరిచి, అప్పుడొకటి అప్పుడొకటిగా గాలి లాగుతున్నట్టు చేస్తారు. మనవాళ్ళు ఎగశ్వాస అంటారే, అది. "ఊపిరి ఉంది సిస్టర్" అని బంధువులు ఆశగా చెబుతారు. అది ఊపిరి కాదు. దాన్ని చూసి ఆగిపోవద్దు.

ఇప్పుడు అంబు బ్యాగు, అంటే మాస్కు పెట్టి చేత్తో పిండుతూ ఊపిరి ఇచ్చే సంచి. 30 నొక్కులకి 2 శ్వాసలు, ఒక్కో శ్వాస ఒక సెకను, ఛాతీ కొద్దిగా లేస్తే చాలు. బ్యాగంతా పిండాల్సిన పనే లేదు. టెన్షన్‌లో మనిషి చెయ్యి దడదడా పిండేస్తుంది. దానివల్ల ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకి తిరిగి రావాల్సిన రక్తం తగ్గుతుంది, కడుపులోకి గాలి పోయి వాంతి పైకొస్తుంది. ఒక్కరే ఒక చేత్తో మాస్కు పట్టి, ఇంకో చేత్తో పిండడం చాలా కష్టం. ఈ క్లిప్‌లో చూడండి, ఒకరు రెండు చేతులతో మాస్కు గట్టిగా పట్టి దవడ పైకెత్తారు, ఇంకొకరు పిండుతున్నారు. ఛాతీ ఎంత చక్కగా లేస్తోందో చూశారా? ఇద్దరుంటే ఇదే పద్ధతి. శ్వాసనాళంలోకి ట్యూబు వేసేశాక 30కి 2 లెక్క ఉండదు. నొక్కడం ఆగకుండా సాగుతుంది, 6 సెకన్లకి ఒక శ్వాస.

మన పీహెచ్‌సీలకి ఈ బ్యాగు విలువ ఇంకా ఎక్కువ. కట్లపాము చాలావరకు రాత్రి పూట, నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి పెద్దగా ఉండదు. కొన్ని గంటలకి కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి కండరాలు పడిపోతాయి. అప్పుడు గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరే ఉండదు. పల్సు ఉంది కాబట్టి ఛాతీ నొక్కాల్సిన పని లేదు. 6 సెకన్లకి ఒకసారి బ్యాగుతో శ్వాస ఇస్తూ, 2 నిమిషాలకోసారి పల్సు చూస్తూ, వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రి దాకా చేర్చాలి. దారి పొడవునా, గంట పట్టినా సరే, బ్యాగు ఆగకూడదు. ఇలాంటి మనిషికి కళ్ళు తెరవడం, వేలు కదపడం చేతకాకపోయినా స్పృహ ఉండొచ్చు. మీరు మాట్లాడుకునేవన్నీ వినబడుతుండొచ్చు. ఆయన తలాపున "ఇక లాభం లేదు" లాంటి మాట అనకండి. "ఊపిరి మేం ఇస్తున్నాం, భయపడకండి" అని చెప్పండి.

పురుగుల మందు తాగినవాళ్ళ దగ్గర ఇంకో జాగ్రత్త. నోటిలో నురగ, చొంగ విపరీతంగా ఉంటాయి. వాటిని లాగేసే సక్షన్ యంత్రం దగ్గర పెట్టుకోవాలి, గ్లవ్స్ వేసుకోవాలి, నోటితో శ్వాస ఇవ్వనే కూడదు.

ప్రసూతి వార్డులో ఉన్నవాళ్ళు ఇది వినండి. గర్భసంచి బొడ్డు దాకా గానీ, ఆపైకి గానీ పెరిగి ఉంటే అది వెనకనున్న పెద్ద రక్తనాళాలని నొక్కేస్తుంది. ఒకరు ఛాతీ నొక్కుతుంటే మరొకరు రెండు చేతులతో కడుపుని తల్లి ఎడమవైపుకి జరిపి పట్టుకోవాలి. ఈ ఒక్క పని కోసమే ఒక మనిషిని కేటాయించండి.

గుండెకి షాక్ ఇచ్చే యంత్రం, డీఫిబ్రిలేటర్, రాగానే మిగతా పనులు పక్కనపెట్టి దాన్ని తగిలించాలి. ఏఈడీ (దాని ఆటోమేటిక్ రకం) అయితే అదే చెబుతుంది ఏం చేయాలో. చెమట తుడిచి, ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, ఇంకోటి ఎడమ చంక కింద. ఆక్సిజన్ దూరంగా జరపాలి, "అందరూ దూరం" అని గట్టిగా అనాలి. షాక్ ఇచ్చిన వెంటనే పల్సు చూడకుండా మళ్ళీ ఛాతీ మీద చేతులు పడాలి. అక్కడే అందరూ మానిటర్ వైపు చూస్తూ నిలబడిపోతారు. ఏ కారణంతో నొక్కడం ఆగినా 10 సెకన్లు దాటకూడదు. ఆగినప్పుడు గుండె కండరానికి వెళ్ళే రక్తం ఒక్కసారిగా పడిపోతుంది, మళ్ళీ ఆ ఒత్తిడి పెరగడానికి చాలా నొక్కులు పడతాయి. మానిటర్ మీద తిన్నని గీతకి షాక్ పనిచేయదు, అది కూడా చెప్పి వదిలేస్తున్నా.

ప్రతి 2 నిమిషాలకి నొక్కేవాళ్ళు మారాలి. "నాకేం అలసటగా లేదు" అన్నా సరే మారాలి. లోతు తగ్గడం ముందు మొదలవుతుంది, అలసట తర్వాత తెలుస్తుంది.

ఈ విద్య పుట్టుకలోనే ఒక సంగతుంది. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు ఛాతీ తెరవకుండా బయటి నుంచి నొక్కే పద్ధతిని ప్రకటించారు. కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. దీనికి కావలసిందల్లా రెండు చేతులే అని వాళ్ళు ఆ వ్యాసంలో రాశారు. అదే ఏడాది నార్వేలో బొమ్మలు తయారుచేసే లార్డాల్, శిక్షణ కోసం మొదటి మానికిన్‌ని తెచ్చారు. అంటే పద్ధతి, దాన్ని చేతులతో నేర్చుకునే సాధనం కలిసే పుట్టాయి. ఆ రెండింటినీ మనం విడదీసి, క్లాసురూములో పాఠంగా మార్చుకున్నాం.

నాకు బాధ కలిగించేది ఇదే. వందమందిని కూర్చోబెడతారు, రెండు మానికిన్లు తెస్తారు, గంటసేపు పాఠం, ముందు వరుసలో ఉన్న నలుగురైదుగురు ఒక నిమిషం నొక్కుతారు, ఫొటో, సర్టిఫికెట్. వెనక కూర్చున్న ఆయాకి, వార్డు బాయ్‌కి మానికిన్ ముట్టుకునే వంతే రాదు. రేపు ఆక్సిజన్ సిలిండర్ తెస్తూ మొదట చూసేది ఆ వార్డు బాయే కావచ్చు. మీ ఆస్పత్రిలో శిక్షణ పెడుతున్నారంటే ఒక్క ప్రశ్న అడగండి: ఒక్కొక్కరికీ మానికిన్ మీద ఎన్ని నిమిషాలు వస్తాయి? ఒక మానికిన్‌కి ఐదారుగురు మించితే అది సరిపోదని నేనంటాను.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీద సీపీఆర్ చేసి మనిషిని కాపాడిన వీడియో మీరంతా చూసే ఉంటారు. ఆ తర్వాత మార్చిలో తెలంగాణలో సీపీఆర్ శిక్షణ పెద్ద ఎత్తున మొదలైంది. మామూలు జనం కోసం మన దేశంలో మత్తు డాక్టర్ల సంఘం చొరవతో కేవలం ఛాతీ నొక్కే పద్ధతి, కోల్స్ అంటారు, అదీ ఉంది. సంతోషమే. రోడ్డు మీద పోలీసు అంత చేస్తున్నప్పుడు ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ దగ్గర జనం ఇంకా ఎక్కువ ఆశిస్తారు, ఆశించడం న్యాయం కూడా.

బీఎల్‌ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) శిక్షణ కార్డు రెండేళ్ళు చెల్లుతుంది. నైపుణ్యం అంతకాలం నిలవదు, కొన్ని నెలలకే చేతుల్లోంచి జారిపోతుంది. అందుకని రెండేళ్ళకోసారి రోజంతా క్లాసు కంటే, నర్సుల డ్యూటీ రూములో ఒక మానికిన్ ఎప్పుడూ ఉంచడం మేలు. షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు చొప్పున, రెండేసి నిమిషాలు నొక్కితే చాలు. దీనికి బడ్జెట్ పెద్దగా అక్కర్లేదు, హెడ్ నర్సు పట్టుదల కావాలి.

పాత కార్డున్నవాళ్ళకి ఒక మార్పు చెప్పాలి. ఏడాదిలోపు పసివాళ్ళకి ఇదివరకు రెండు వేళ్ళతో నొక్కమని నేర్పేవారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అది తీసేశారు, లోతు సరిపోవడం లేదని. ఇప్పుడు రెండు చేతులతో ఛాతీని చుట్టి బొటనవేళ్ళతో గానీ, ఒక అరచేతి మడమతో గానీ నొక్కాలి. లోతు 4 సెంటీమీటర్లు. పిల్లల దగ్గర ఇద్దరు సిబ్బంది ఉంటే 15 నొక్కులకి 2 శ్వాసలు.

చివరగా, ఎవరూ క్లాసులో చెప్పని మాటొకటి. అన్నీ సరిగ్గా చేసినా చాలామంది పేషెంట్లు బతకరు. మొదటిసారి చేతుల కింద మనిషి పోయిన సిస్టరు, ఆ రాత్రే మిగతా మంచాలకి ఇంజెక్షన్లు ఇవ్వాలి. కాబట్టి అయ్యాక పది నిమిషాలు, చేసినవాళ్ళందరూ ఒకచోట కూర్చోండి. ఎవరినీ నిందించకుండా మూడే అడగండి: ఎప్పుడు మొదలుపెట్టాం, ఎక్కడ ఆగాం, ఏ వస్తువు చేతికి అందలేదు. రాసుకోండి. బోర్డు దొరకలేదంటే మర్నాడే దాని చోటు మార్చండి.

అప్పుడే పుట్టిన బిడ్డ సంగతి ఇందులో చెప్పలేదు. అక్కడ లెక్క వేరు, ముందు ఊపిరే, మొదటి నిమిషంలోనే. లేబర్ రూము సిస్టర్ల కోసం అది విడిగా, బేబీ మానికిన్‌తో వచ్చే వీడియోలో చూపిస్తాను.