అగ్గిపుల్ల వెలుగులో కలయిక: బ్రౌనింగ్ కవిత ఒకటి

సభకు నమస్కారం.

విక్టోరియా రాణి కాలపు ఆంగ్ల కవిత్వంలో ప్రేమికుల రహస్య సమాగమం అనగానే చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చేది 1855లో వెలువడిన, టెన్నిసన్ కవి రాసిన దీర్ఘకవిత ‘మాడ్’. అందులో ప్రియుడు తోట వాకిట ఒంటరిగా నిలబడి, రాత్రంతా నృత్యశాలలో గడిపిన ప్రియురాలిని రమ్మని పిలుస్తూ ఉంటే, గులాబీలూ లిల్లీలూ కూడా అతని తరఫున మాట్లాడతాయి. ఎంతో మధురమైన ఘట్టమే గాని, ఇంత మాట్లాడే ప్రేమలో రహస్యం నిలవదని నా అభిప్రాయం. ఈనాటి నా ప్రసంగానికి నేను ఎంచుకున్నది అంతకు పదేళ్ళ ముందు, 1845లో, రాబర్ట్ బ్రౌనింగ్ ప్రచురించిన పన్నెండు పంక్తుల కవిత ‘మీటింగ్ ఎట్ నైట్’. ఇందులో ప్రేమ అనే మాట లేదు, ప్రియురాలి పేరు గాని రూపవర్ణన గాని లేదు, ఇది రహస్యమని కవి ఎక్కడా చెప్పడు.

చెప్పేదల్లా దారి గురించే. బూడిదరంగు సముద్రం, పొడవాటి నల్లని నేల, కిందికి వాలి పెద్దదిగా కనిపించే పసుపుపచ్చని అర్ధచంద్రుడు, నిద్రలోంచి ఉలిక్కిపడి అగ్నివలయాలై ఎగిరే చిన్న అలలు. ఇంతలో పడవ ఒడ్డు చేరి తడి ఇసుకలో ఆగిపోతుంది. తరువాత సముద్రపు వాసన వేసే వెచ్చని తీరం ఒక మైలు, దాటవలసిన పొలాలు మూడు, ఆపైన ఒక ఇల్లు. కిటికీ అద్దం మీద ఒక తట్టు, అగ్గిపుల్ల గీసిన చురుకైన చప్పుడు, నీలి మంట, ఒక గొంతు, ఆ గొంతు కంటె బిగ్గరగా కొట్టుకునే రెండు గుండెలు. ఈ వరుసకంతటికీ ప్రధాన క్రియ లేదు. మన భాషలో క్రియ లేని వాక్యం సహజం కనుక ఈ విశేషం మనకు వెంటనే తట్టదు. ఇంగ్లీషులో మాత్రం అది నడకలో ఊపిరి తీసుకోలేని వాని మాటలా తెగి తెగి వినిపిస్తుంది. ‘నేను’ అనే మాట సైతం ఒక్కసారే వస్తుంది, అదీ పడవ ఒడ్డు చేరే వేళ. సముద్రం మీద ఉన్నంతసేపూ పని చేసేది కన్ను; ఒడ్డున దిగాక చర్మమూ ముక్కూ మేలుకుంటాయి; ఇంటి దగ్గరికి వచ్చేసరికి దాదాపు అంతా చెవికే అప్పగించబడుతుంది. కొలతలు కూడా అలాగే కుదించుకుపోతాయి: కొలత లేని సముద్రం, ఒక మైలు, మూడు పొలాలు, ఒక గాజుపలక.

అగ్గిపుల్ల దగ్గర కొంతసేపు ఆగడం అవసరం. ఇంగ్లండులోని స్టాక్టన్ ఆన్ టీస్ పట్టణంలో మందుల వ్యాపారి జాన్ వాకర్ రాపిడితో వెలిగే పుల్లలను అమ్మడం మొదలుపెట్టింది 1827లో. అంటే ఈ కవిత వచ్చేనాటికి అగ్గిపుల్లకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. చెకుముకి రాతితో నిప్పు రాజేసుకునే పాత పద్ధతిలో ఈ క్షణం సాధ్యం కాదు. గంధకం పూత వల్ల ముందు నీలిమంట రావడం నాటి పుల్లల లక్షణం. కవి రంగును ఊహించి వేయలేదు. దీపం ముందే వెలుగుతూ ఉంటే ఇరుగుపొరుగు కంట పడవచ్చు, అందుచేత ఆమె చీకటిలో కాచుకుని ఉందని మనకు తెలుస్తుంది. తలుపు కాక కిటికీ, మాట కాక తట్టు, ఆనందంతో పాటు భయం పలికే గొంతు: రహస్యానికి సాక్ష్యాలు ఇవే.

ఒక్కొక్క చరణంలో ఆరు పంక్తులు. మొదటిదానికి ఆరవదానితో, రెండవదానికి అయిదవదానితో, మూడవదానికి నాలుగవదానితో అంత్యప్రాస కలుస్తుంది. వచ్చి వెనుదిరిగే అల వంటి అమరిక ఇదని వ్యాఖ్యాతలు అంటారు. నాకు ఇంకొకటి కనిపిస్తుంది. ప్రాస పక్కపక్కనే కలిసేది నడిమి జంటలో మాత్రమే, రెండు చరణాలలోనూ నిప్పు ఉన్నది అక్కడే: ఒకచోట వెన్నెల అలలు, మరొకచోట అగ్గిపుల్ల.

మన అలంకారశాస్త్రం ఎరిగినవారికి సంకేతస్థలానికి నడిచి వెళ్ళేది అభిసారిక, అంటే నాయిక. బ్రౌనింగ్ అలాంటి నాయికను కూడా సృష్టించాడు. 1836లో అచ్చయిన ‘పోర్ఫీరియాస్ లవర్’లో నాయిక పోర్ఫీరియా తుఫాను రాత్రి ప్రియుని కుటీరానికి వచ్చి, చలి బయటికి పోయేలా పొయ్యి రాజేస్తుంది, ఆమె పూర్తిగా తనదేనన్న నమ్మకం కలిగిన క్షణంలో అతడు ఆమె జుట్టునే ఉరిగా బిగించి చంపుతాడు. రెండు కవితలలోనూ మంట వెలిగించేది స్త్రీయే.

ఈ కవిత వచ్చిన 1845లోనే బ్రౌనింగ్, కవయిత్రి ఎలిజబెత్ బారెట్‌ల పరిచయం మొదలైంది గనుక ఇది వారి కథేనని కొందరు తొందరపడతారు. ఆయన లండన్ వింపోల్ వీధిలోని ఆమె ఇంటికి వెళ్ళినది పట్టపగలే. అక్కడ పడవ లేదు, పొలాలు లేవు. 1846 సెప్టెంబరు 12న జరిగిన వారి రహస్య వివాహం దీని తరువాతిది.

మొదటి ముద్రణలో ఈ పన్నెండు పంక్తులూ, ‘పార్టింగ్ ఎట్ మార్నింగ్’గా తరువాత పేరుపొందిన నాలుగు పంక్తులూ కలిసి ‘నైట్ అండ్ మార్నింగ్’ అనే ఒకే శీర్షిక కింద ఉండేవి. 1849లో వాటిని విడదీశారు. విడదీసి చదవడం వల్ల నష్టం ఉంది. తెల్లవారేసరికి భూశిరం చుట్టూ సముద్రం తిరిగి కనిపిస్తుంది, కొండ అంచు మీదుగా సూర్యుడు చూస్తాడు. ఆ సూర్యుని ముందు తిన్నని బంగారు బాట, నాకేమో మనుషుల లోకం కావాలి అని కవిత ముగుస్తుంది. ఈ మాట ఎవరిదన్న చర్చ కవి జీవితకాలంలోనే వచ్చింది. 1889లో అడిగినప్పుడు ఆయన, మాట్లాడేది పురుషుడేననీ, అలాంటి పారవశ్యం తనకు తాను చాలునన్న నమ్మకం ఎంత త్వరగా కరిగిపోతుందో అతడు ఒప్పుకుంటున్నాడనీ జవాబిచ్చాడు.

కవి మాటను నేను అంగీకరిస్తాను. అయితే రాత్రి గుండెచప్పుడు కంటె తక్కువగా వినిపించిన ఆమె గొంతు ఉదయానికి పూర్తిగా లేకుండా పోయింది. పొలాలు దాటి లోకంలోకి తిరిగి వెళ్ళే దారి ఆనాడు అతనికి తెరిచి ఉన్నంతగా ఆమెకు తెరిచి లేదు. బ్రౌనింగ్ ఈ తేడాను ఎత్తిచూపుతున్నాడా, మామూలు సంగతిగా తీసుకున్నాడా అన్నది ఈ నాలుగు పంక్తులు తేల్చవు; పోర్ఫీరియా కథను అంతకుముందే రాసిన కవి కనుక, ఎత్తిచూపుతున్నాడనే వైపే నేను మొగ్గుతాను.