వారానికి నాలుగు గంటలు
(విశాఖపట్నంలో డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థుల, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇంటర్ రెండేళ్లూ మీలో చాలామందికి పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. ఇప్పుడు ఒక్కసారిగా సేవా కార్యక్రమాల ఎన్‌ఎస్‌ఎస్ రమ్మంటుంది, కవాతుల ఎన్‌సీసీ రమ్మంటుంది, నాటకం వాళ్లూ క్విజ్ వాళ్లూ మొదటి వారంలోనే పేర్లు రాసుకుంటారు. రెండేళ్ల ఆకలి కదా, అన్నిట్లోనూ చేరిపోవాలనిపిస్తుంది. ఇంట్లో అమ్మానాన్నలకేమో "ఇవన్నీ ఎందుకురా, బుద్ధిగా చదువుకోరాదా" అని టెన్షన్. ఈ రోజు ఇద్దరూ ఎదురుగా ఉన్నారు కాబట్టి ఇద్దరితోనూ మాట్లాడతాను.

ముందు తల్లిదండ్రులతో. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. 'ముసలమ్మ మరణం' కావ్యం ఆయన పెద్ద పదవుల్లోకి వచ్చాక రాసింది కాదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుకుంటున్న రోజుల్లో, 1899లో, కాలేజీ తెలుగు సంఘం పెట్టిన పోటీ కోసం రాశారు. కేంబ్రిడ్జిలో చదువుతూ అక్కడి విద్యార్థుల చర్చాసంఘానికి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గ్రంథాలయాధికారిగా పనిచేసిన అబ్బూరి రామకృష్ణారావు గారు పుస్తకానికి ఎంత విలువ ఇచ్చారో నాటకానికీ అంత ఇచ్చారు. మీ అమ్మాయి రిహార్సల్‌కి వెళ్తానంటే దారి తప్పుతోందని అనుకోకండి. ఈ ఊరి చదువులో అది ఎప్పటినుంచో ఉంది.

ఇక పిల్లలూ, మీతో. "టైం మేనేజ్‌మెంట్" గురించి చాలామంది చెబుతారు. నేను ఒక లెక్క చెబుతాను. గాంధీగారి శతజయంతి ఏడాది 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో వాలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి, రెండేళ్లలో 240. సెమిస్టర్‌కి 15 వారాలు అనుకుంటే ఏడాదికి 30 వారాలు. అంటే వారానికి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలకి ఏ సబ్జెక్టూ పాడవదు. అలాంటివి మూడు నెత్తిన వేసుకుంటే వారానికి పన్నెండు గంటలవుతాయి. వాటికి ప్రయాణం, మీటింగులు, అర్ధరాత్రి దాకా వాట్సాప్ గ్రూపులో చర్చలు కలుపుకోండి. అక్కడే ల్యాబ్ రికార్డు ఆగిపోతుంది, ఇంటర్నల్స్ పోతాయి, హాజరు 75 శాతం కిందికి జారుతుంది.

అందుకని నేను అడిగేది ఒకటే: ఒక్కటి పట్టుకోండి, డిగ్రీ పూర్తయ్యేదాకా వదలకండి. మొదటి ఏడాది కుర్చీలు సర్దినవాడే రెండో ఏడాది వేదిక ఎక్కి, చివరి ఏడాది జూనియర్లకు నేర్పుతాడు. ఆ మూడో దశ చాలా విలువైనది. ఏటా క్లబ్ మార్చేవాళ్లకి అది దక్కదు, సర్టిఫికెట్లు మాత్రం ఫైలు నిండా ఉంటాయి. ఏది ఎంచుకోవాలంటే, చప్పట్లు లేకపోయినా మీరు చేసేదే ఎంచుకోండి.

ఎన్‌సీసీలో చేరేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఎన్‌సీసీ సీ సర్టిఫికెట్ కనీసం బీ గ్రేడుతో ఉంటే ఆర్మీ స్పెషల్ ఎంట్రీకి రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి, అంటే సైన్యంలో అధికారులను ఎంపిక చేసే ఇంటర్వ్యూకి, పిలుపు రావచ్చు. కానీ దానికి డిగ్రీలో 50 శాతం మార్కులు కూడా కావాలి. పరేడ్ కోసం పేపర్లు వదిలేసినవాడికి ఆ తలుపు తెరుచుకోదు.

లెక్క తప్పే వారాలూ వస్తాయి, రావాలి కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరిని చెట్టూచేమా లేకుండా చేసినప్పుడు, రోడ్లకు అడ్డంగా పడిన చెట్లు తొలగించినవాళ్లలో విద్యార్థులూ ఉన్నారు. అలాంటి రోజున నాలుగు గంటలు దాటిందని ఎవరూ గడియారం చూసుకోరు. మామూలు రోజుల్లో మాత్రం మిడ్ పరీక్షల తేదీలు తెలిసిన రోజే మీ టీం లీడర్‌కి చెప్పండి: "ఆ వారం నేను రాలేను." ముందే చెబితే అది బాధ్యత. రిహార్సల్ రోజున ఫోన్ ఆపేసుకోవడం అందరికీ నష్టం. పోటీలకు వేరే ఊరు వెళ్తుంటే అనుమతి కాగితం ముందే ఇచ్చి వెళ్లండి, వచ్చాక అటెండెన్స్ కోసం తిరగొద్దు.

చివరగా తోటి అధ్యాపకులకు ఒక మాట. దీని గురించి నాకు చాలా బాధగా ఉంటుంది. మన పిల్లల్లో ఎంతోమంది అనకాపల్లి నుంచి, తగరపువలస నుంచి, విజయనగరం నుంచి రోజూ వచ్చిపోతారు. సాయంత్రం ఆరు తర్వాత ప్రాక్టీసు పెడితే మనం ఎంచుకునేది ప్రతిభను కాదు, హాస్టల్లో గదినీ సొంత బండినీ. బాగా పాడే అమ్మాయి బస్సు కోసం మద్దిలపాలెం పరుగెత్తాల్సి వచ్చి మానేస్తే, అది ఆ అమ్మాయి సమయపాలన లోపం కాదు, మనం పెట్టిన వేళ లోపం. మధ్యాహ్నం ఆఖరి పీరియడ్ తర్వాత గంట చాలు, రోజూ అవసరం లేదు.

ఈ సభ అయ్యాక బయట బల్ల మీద పేర్లు రాసే కాగితాలుంటాయి. పేరు, నేర్చుకోవాలనుకుంటున్న ఒక్క విషయం రాయండి. పక్కనే ఇంకో గడి ఉంది: మీరు ఎన్నింటికి కాలేజీ నుంచి బయల్దేరాలి. అది తప్పకుండా నింపండి. అవి చూశాకే ప్రాక్టీసు వేళలు వేద్దాం.