హూవర్ డ్యామ్ గురించి మాట్లాడమన్నారు

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారికీ, భోజనాల కమిటీకీ, ఇందాకే ఈ మైకు బాగుచేసిన అబ్బాయికీ కృతజ్ఞతలు. ఇరిగేషన్‌లో ముప్ఫై ఏళ్ళు చేశానని నన్ను హూవర్ డ్యామ్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. అమెరికాలో కొలరాడో నది మీద ఉంది. ఎత్తు 221 మీటర్లు. మన నాగార్జునసాగర్ 124. ఇది కాంక్రీటు, మనది కూలీలు రాయి మీద రాయి పేర్చి కట్టింది. 1935లో అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వచ్చి అంకితం చేశారు. డ్యామ్ అయిపోయింది. అది దాటి అరిజోనా వైపు నాలుగు మైళ్ళు పోయాక మాకేం జరిగిందో చెప్పనివ్వండి.

మే మొదటి వారం. "అంతా దిగుడే మావయ్యా, నది దాకా ఏం కష్టం లేదు" అన్నాడు మా అల్లుడు. మనిషికో అరలీటరు బాటిలు, పులిహోర డబ్బా. ఎడారిలోకి పులిహోర! తిన్నకొద్దీ దాహం.

మేం దిగిన ఆ ఇరుకు లోయని వైట్ రాక్ కేన్యన్ అంటారు. పాత అగ్నిపర్వతాల రాయి. రెండు చేతులూ చాస్తే గోడలు తగిలేంత ఇరుకు కొన్నిచోట్ల. ఆ సందుని కోసింది వాననీళ్ళే. ఇక్కడ వాన అరుదు, పడితే మాత్రం ఇంకదు, రాళ్ళతో సహా సందులోకి దూకుతుంది. 1997 ఆగస్టులో ఇదే అరిజోనాలో, యాంటిలోప్ కేన్యన్‌లో 11 మంది టూరిస్టులు అలాగే పోయారు. వాన వాళ్ళ నెత్తిన పడలేదు, ఎగువన మైళ్ళ దూరంలో పడింది. కాలవ గట్ల మీద జీవితమంతా తిరిగినవాణ్ణి, ఎగువన ఆకాశం ఎలా ఉందో ఒక్కసారి కూడా చూడకుండా దిగాను. నాకు సిగ్గుగానే ఉంది.

నవ్వకండి. వెనక వరసలో బాబూ, చెప్పులతో ట్రెక్కింగ్ ఫొటో గ్రూపులో పెట్టింది నువ్వే కదా?

ఏం చెబుతున్నాను? నది. కొలరాడో నీళ్ళు పచ్చగా ఉంటాయి, కాలు పెడితే జివ్వుమంటాయి. డ్యామ్ రిజర్వాయరు లోతు నుంచి వచ్చే నీళ్ళు మరి. నది పక్కనే ఇంకో సందులో, ఇరవై అడుగుల ఇనప నిచ్చెన ఎక్కితే వేడినీటి గుంటలు. నేను ఆలోచిస్తుండగానే మా ఆవిడ ఎక్కేసింది. వెళ్ళి, పుణ్యం కదా అని మూడు మునకలు వెయ్యబోయింది! తల ముంచొద్దని బోర్డుంది. ఆ నీళ్ళలో అమీబా ఉండొచ్చు, ముక్కులోంచి మెదడుకి పోతే మనిషి దక్కడం కష్టం. అల్లుడు అరిచాడు. ఆ అరుపు ఒక్కటి మాత్రం అతను చేసిన మంచిపని.

ఇక "అంతా దిగుడే" దగ్గరికి వస్తాను. దిగిందంతా ఎక్కాలి కదండీ! కాళ్ళ కింద గులకరాళ్ళు జారుతున్నాయి, మధ్యాహ్నం ఎండ, బాటిళ్ళు ఖాళీ. మా ఆవిడ ఓ రాయి నీడన కూర్చుని, "మీరు వెళ్ళండి, నేను కాసేపాగి వస్తా" అంది. నలభై ఏళ్ళలో నన్ను ఎప్పుడూ ముందు వెళ్ళనివ్వని మనిషి. అప్పుడు నాకు భయం వేసింది.

వెనక నుంచి వస్తున్న ఓ అమ్మాయి ఆగి, ఏమీ అడక్కుండా లీటరు బాటిలు చేతిలో పెట్టింది. పేరైనా అడగలేదు మేం.

మే 15 నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా ఆ దారి మూసేస్తారు, ఎండకి. మేం వెళ్ళింది దానికి ఓ వారం ముందు. మనిషికి నాలుగు లీటర్లు, తల్లులారా, అరలీటరు కాదు.

గంట కొడుతున్నారు. ఆ బాటిలు ఇంకా మా ఫ్రిజ్‌లో ఉంది, మా ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వదు. డ్యామ్ సంగతి భోజనాల దగ్గర అడగండి.