హెల్మెట్ పట్టీ పెట్టుకున్నారా? ట్రాఫిక్ పోలీసు మిమ్మల్ని ఆపి, పక్కవాణ్ణి ఎందుకు వదిలేస్తాడు?

నమస్తే.

"నన్ను ఆపారు, నా వెనకాల వాణ్ణి వదిలేశారు. చట్టం అందరికీ ఒకటే కదా?" ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కోపం న్యాయమైనదే. కానీ అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది.

హెల్మెట్ సంగతే చూద్దాం. పెట్టుకోవాలని మీకు తెలుసు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ అక్కడితో ఆగదు, పట్టీతో తలకి గట్టిగా బిగించుకోవాలి అంటుంది. అంటే పట్టీ వేలాడేసుకుని వెళ్లేవాడూ, హెల్మెట్‌ని ట్యాంకు మీద పెట్టుకుని వెళ్లేవాడూ చట్టం లెక్కలో ఒకటే. 2019 సవరణతో వచ్చిన 194డి సెక్షన్ ప్రకారం ఇద్దరికీ 1,000 రూపాయల జరిమానా, దానికి తోడు మూడు నెలలు లైసెన్సు ఉండదు.

ఇప్పుడు ఉదయం తొమ్మిదిన్నరకి అమీర్‌పేట చౌరస్తా ఊహించుకోండి. పట్టీ పెట్టుకోని ప్రతివాణ్ణీ ఆపి చలానా రాస్తూ కూర్చుంటే సిగ్నల్ ఎవరు చూస్తారు? అంబులెన్స్‌కి దారి ఎవరు ఇప్పిస్తారు? అందుకే కానిస్టేబుల్ "పట్టీ పెట్టుకో బాబూ" అని పంపించేస్తాడు. విచక్షణ అంటే ఇదే. నన్నడిగితే, ఆ ఒక్క మాటతో అక్కడికక్కడే పట్టీ బిగుసుకుంటుంది. రెండు వారాల తర్వాత ఫోన్లో చూసుకునే చలానాతో అది జరగదు.

మరి ఈ విచక్షణ ఎంతవరకు? ఆపాలా వద్దా, హెచ్చరించి పంపాలా చలానా రాయాలా, అంతవరకే. ఎంత కట్టాలన్నది ఆయన చేతిలో లేదు. కోర్టుకి వెళ్లకుండా ఎంత కట్టి తేల్చుకోవచ్చో, ఆ సొమ్ము ఏ స్థాయి అధికారి తీసుకోవచ్చో 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. గుజరాత్ 2019లో హెల్మెట్ జరిమానాని 500కి తగ్గించింది ఇలాగే. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ద్విచక్ర వాహనాల పెండింగ్ చలానాల మీద 80 శాతం మాఫీ ఇచ్చింది. అదీ ఒక రకంగా వదిలేయడమే, కాకపోతే లక్షల మందిని ఒకేసారి. నాకు అది నచ్చలేదు. చలానా పడ్డ వారంలోనే పూర్తిగా కట్టేసినవాళ్లకి మనం ఏం చెబుతాం?

"సార్, రెండొందలు తీసుకుని వదిలేయండి" అనేది మాత్రం విచక్షణ కాదు, లంచం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడూ నేరస్తుడే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇద్దరి పట్టీలూ వేలాడుతున్నాయి. ఒకడు ఎమ్మెల్యే పేరు చెప్పాడు, వెళ్లిపోయాడు. ఇంకొకడు డెలివరీ కుర్రాడు, ఆగిపోయాడు. మనం నిలదీయాల్సింది ఇక్కడ. వదిలేసినందుకు కాదు, దేన్ని చూసి వదిలేశారని. ఆసుపత్రికి పరిగెడుతున్నవాణ్ణి వదిలేస్తే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

"అయితే కెమెరాలు పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది" అంటారు. నంబర్ ప్లేటు కోసం వెనక నుంచి తీసిన ఫొటోలో గడ్డం కింద పట్టీ కనపడదు కదా! ఎదురుగా నిలబడ్డ కానిస్టేబుల్‌కి కనపడుతుంది. పైగా కెమెరా ఏ జంక్షన్లో పెట్టాలో తేల్చేది కూడా మనిషే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. బండి సీజ్ చేసే అధికారం 207వ సెక్షన్‌లో ఉంది. లైసెన్సు లేకపోతే, రిజిస్ట్రేషన్ లేకపోతే, పర్మిట్ లేకపోతే చేయొచ్చు. ఆ జాబితాలో హెల్మెట్ లేదు. ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో చూపించే కాగితాలు చెల్లుతాయి. చలానా తప్పనిపిస్తే దాన్ని సవాలు చేయొచ్చు.

ఇంకొకటి, 210బి. ఈ చట్టాన్ని అమలు చేసేవాళ్లే దాన్ని ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు. ఆపిన ఎస్సైగారు తనే పట్టీ వేలాడేసుకుని బండి నడిపితే, ఆయనకి 2,000.